చెంచా ముందు ఖాళీ

మార్చి 28

అయ్యా, సాఫ్ట్‌వేర్ గ్రూపు నిర్వాహకుడు గారికి,

మీ మేనత్త విన్నవించుకునేది. మొన్న మంగళవారం పొద్దున మీ ఫోనుకి ఒక మెసేజ్ పెట్టాను. "నాన్నా, కుడికంట్లో శుక్లం ముదిరిందట. ఏప్రిల్ ఇరవై నాలుగున ఆపరేషన్. ఒక్కదాన్నే వెళ్ళాలంటే కొంచెం బెరుగ్గా ఉంది. రాగలవా?" అని. అక్షరాలు కనబడక ఆ నాలుగు ముక్కలు కొట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అర నిమిషంలో మీ జవాబొచ్చింది. పక్కింటి టీచరమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నాను.

"మీ సందేశం అందింది. మీ సమస్య మా పరిశీలనలో ఉంది. తదుపరి వెర్షన్‌లో సరిచేస్తాం. దయచేసి ఇదే ప్రశ్న మళ్ళీ పంపవద్దు."

నా కన్ను తదుపరి వెర్షన్‌లో సరిచేస్తారా బాబూ? అది ఎప్పుడు వస్తుంది? అప్పటిదాకా ఒంటికన్నుతో నెట్టుకు రమ్మంటారా?

ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే ఆఫీసు అడ్రసుకి ఉత్తరం రాస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు రైల్వే విచారణ కౌంటర్లో కూర్చున్నాను. రోజుకి వెయ్యిమంది వచ్చేవాళ్ళు. ఎవరికీ మొహం చూడకుండా జవాబు చెప్పలేదు. మళ్ళీ అడగొద్దని అసలే చెప్పలేదు. నువ్వు నా ఇంట్లో ఉండి చదువుకున్న మూడేళ్ళలో ఇదేనా నేర్చుకున్నది?

ఇక ఉంటాను. మళ్ళీ అడగను.

అత్త

---

ఏప్రిల్ 1

అత్తా,

నీ ఉత్తరాన్ని ఎవరో కస్టమర్ ఫిర్యాదు అనుకుని రిసెప్షన్‌లో అమ్మాయి విప్పి చదివేసింది. తర్వాత నా బల్ల మీద పెట్టి, "సార్, ఇది మీ ఇంటి ఫిర్యాదులా ఉంది" అంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పయిపోయింది. ఆ జవాబు నేను రాసింది కాదు, నా ఫోను తనంతట తానే పంపింది. అలా పంపమని దానికి చెప్పింది మాత్రం నేనే.

ఎందుకో చెప్తాను, కోపం పక్కన పెట్టి విను. మా కంపెనీ మందుల షాపులకి ఒక సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. ఏ మందు, ఎంత, రోజుకి ఎన్నిసార్లు అని చిన్న లేబుల్ అచ్చువేస్తే షాపువాళ్ళు సీసా మీద అంటిస్తారు. ఆరువేల షాపులు వాడుతున్నాయి. వాళ్ళు సందేహాలు అడగడానికి, ఒకరికొకరు చెప్పుకోవడానికి ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు ఉంది. ఆ గ్రూపు చూసుకోవడమే నా ఉద్యోగం. మొదట్లో రోజుకి యాభై మెసేజ్‌లు వచ్చేవి. హాయిగా ఉండేది. మంచితనానికి పోయి నా సొంత నంబరు కూడా ఇచ్చాను.

మార్చి రెండో వారంలో కొత్త వెర్షన్ వదిలారు. అప్పట్నుంచి రోజుకి పదమూడు వందలు! ఒకరు ఒక ప్రశ్న అడుగుతారు. "నాకూ అంతే" అని నలభై మంది. "ఏమైనా తెలిసిందా సార్" అని అరవై మంది. ఎవరో పుణ్యాత్ముడు జవాబు చెబుతాడు. అతనికి థాంక్స్ చెప్పడానికి ముప్ఫై మంది. ఈలోగా ఆ జవాబు ఎక్కడో పైకి వెళ్ళిపోతుంది, ఇంకొకరు వచ్చి అదే ప్రశ్న అడుగుతారు. మధ్యమధ్య గులాబీ పూల బొమ్మలతో గుడ్ మార్నింగ్‌లు. ఊపిరి సలపడం లేదంటే నమ్ము.

మా మేనేజరు కచ్చితంగా చెప్పేశారు. నెలాఖరుకి జవాబు లేని మెసేజ్ ఒక్కటి కూడా ఉండకూడదట. ఉంటే గ్రూపు మూసేసి, ఇక యంత్రం చేతే జవాబులు చెప్పిస్తారట. అప్పుడు నా కుర్చీ కూడా ఎత్తేస్తారు. అందుకే ఒళ్ళు దాచుకోకుండా చేస్తున్నాను. రోజుకి ఎనభై మందిని మ్యూట్ చేస్తున్నాను, అరవై థ్రెడ్లు మూసేస్తున్నాను.

ఇరవై నాలుగున తప్పకుండా వస్తాను. ముందురోజు సాయంత్రానికే నీ ఇంట్లో ఉంటాను. మెసేజ్ పెట్టకు అత్తా, ఆ గుంపులో నువ్వు కనబడవు. ఉత్తరమే రాయి.

నీ మేనల్లుడు

---

ఏప్రిల్ 5

నాన్నా,

సగం కోపం పోయింది. మిగతా సగం నువ్వు వచ్చాక చూద్దాం.

నీ ఉత్తరం చదివి నాకూ టీచరమ్మకీ పెద్ద వాదన జరిగింది. మ్యూట్ చేయడం అంటే మూగవాళ్ళని చేయడం కదా, ఎనభై మంది నోళ్ళు మూయించడం ఉద్యోగమా అని నేను. అది టీవీకి చేసే పని, మనుషులకి చేయరు అని ఆవిడ. థ్రెడ్ అంటే దారం కదా, దారాన్ని మూయడమేమిటి అని ఇద్దరం. చివరికి కిందింట్లో కంప్యూటరు పని చేసే అమ్మాయి వచ్చి విడమరిచి చెప్పింది. అంటే మనిషి అడుగుతూండగానే కౌంటర్ తలుపు దించేస్తున్నావన్నమాట. తలుపు దించితే ఊరుకుంటారా? పక్క కౌంటర్‌కి వెళ్ళి అదే అడుగుతారు. అందుకే నీ మెసేజ్‌లు తగ్గడం లేదు.

నా మొదటి ఏడాది నాదీ ఇదే అవస్థ. పొద్దున్నే తల బొప్పి కట్టేది. మా పాత స్టేషన్ మాస్టరుగారు ఒకరోజు నా వెనక కుర్చీ వేసుకుని గంటసేపు ఊరికే కూర్చున్నారు. తర్వాత అన్నారు: "వంద మందిలో డెబ్భై మంది నిన్ను అడగడం లేదమ్మా, గోడని అడుగుతున్నారు. గోడ మీద ఏమీ లేదు కాబట్టి నీ దగ్గరికి వస్తున్నారు." ఆ సాయంత్రమే ఒక నల్లబల్ల తెప్పించి కౌంటర్ పక్కన కొట్టించారు. ఏ బండి ఎంత ఆలస్యం, ఏ ప్లాట్‌ఫారం అని గంటకోసారి సుద్దముక్కతో రాసేదాన్ని. వారానికల్లా వరుస సగమైంది.

నువ్వూ ముందు బల్ల పెట్టు. గ్రూపులోకి అడుగుపెట్టగానే కనబడేలా, పది ప్రశ్నలు పది జవాబులు, రోజూ తుడిచి రాయి. టిక్కెట్టు పోయినవాళ్ళకి వేరే కిటికీ, సామాను పోయినవాళ్ళకి వేరే కిటికీ ఉన్నట్టు నీ ప్రశ్నల్ని కూడా విడగొట్టు.

ఇంకొకటి. ఆ గుడ్ మార్నింగ్‌ల వాళ్ళని తిట్టకు. మా స్టేషన్‌కి బండి ఎక్కనివాళ్ళు కూడా రోజూ వచ్చేవాళ్ళు, నాలుగు మాటల కోసం. వాళ్ళని తరిమేస్తే మళ్ళీ కౌంటర్ దగ్గరే మూగుతారు. ఒక మూల బెంచీ వేస్తే అక్కడ కూర్చుంటారు.

కంటి డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. వేసుకుంటే మంట. అక్షరాలు గీత దాటితే సర్దుకుని చదువుకో.

అత్త

---

ఏప్రిల్ 10

అత్తా,

నీ చేతులకి దణ్ణం పెట్టాలి!

నువ్వు చెప్పినట్టే గ్రూపు తెరవగానే కనబడేలా ఒక పేజీ పెట్టాను. దానికి "నల్లబల్ల" అని పేరు పెట్టాను. రోజూ పొద్దున తొమ్మిదింటికి, మధ్యాహ్నం మూడింటికి మారుస్తాను. తర్వాత అయిదు కిటికీలు: ప్రింటరు, స్టాకు, లేబుల్, కొత్తగా చేరినవాళ్ళు, ఇతరాలు. ఇవికాక "కబుర్ల బెంచీ" ఒకటి. గులాబీలన్నీ అక్కడికి తరలిపోయాయి. ఒక నూట ఎనభై మంది అక్కడే కాపురం పెట్టేశారు. ఎవరి షాపు ఏ వీధిలో, ఎవరి మోకాలికి నొప్పి, అన్నీ ఒకరివి ఒకరికి తెలుసు.

పదమూడు వందల నుంచి మూడు వందలకి దిగింది. మొన్న మొదటిసారి మధ్యాహ్నం భోజనం వేడిగా తిన్నాను.

అన్నిటికన్నా పెద్ద పని నిన్న చేశాను. లేబుల్ కిటికీలో "లేబుల్ మీద ఖాళీ వస్తోంది" అని రెండు వందల పద్నాలుగు మెసేజ్‌లు పేరుకుపోయి ఉన్నాయి. కొత్త వెర్షన్లో ఎడమవైపు అంచు కొంచెం ఎక్కువ వదులుతోంది, అక్షరాలు పక్కకి జరుగుతున్నాయి. చూడ్డానికి బాగుండదు గానీ నష్టం లేదు. జూన్‌లో సరిచేస్తారు. "ఖాళీ" అన్న మాట వెతికి, అది ఉన్న మెసేజ్‌లన్నీ ఒకే కట్టగా కట్టేసి, అందరికీ ఒకే జవాబు పంపేశాను. పది నిమిషాల పని. పెండింగ్ పట్టిక చూసి మేనేజరు నా భుజం తట్టారు. చదవక్కర్లేకుండానే చెప్పొచ్చు అత్తా, నూటికి తొంభై ఒకటే ప్రశ్న.

చుక్కల మందు మానకు. ఇరవై మూడు సాయంత్రానికి వస్తున్నాను.

నీ మేనల్లుడు

---

ఏప్రిల్ 14

నాన్నా,

వేడి భోజనం తిన్నావు, సంతోషం. బెంచీ సంగతి చదివి టీచరమ్మ తనని కూడా అందులో చేర్పించమంటోంది. మందుల షాపు లేదు కదా అంటే, మందులు మింగుతాను కదా అంటోంది.

కానీ "చదవక్కర్లేకుండానే" అన్న మాట దగ్గర ఆగిపోయాను. కట్ట కట్టావు, బాగుంది. కట్టలో ఉన్నవి చదివావా?

మొదటి ఉత్తరంలో, ఎవరికీ మొహం చూడకుండా జవాబు చెప్పలేదని కోతలు కోశాను. అది అబద్ధం. ఒకరికి చెప్పాను. ఇంతవరకు మీ నాన్నకి కూడా చెప్పలేదు ఈ సంగతి.

పట్టాల మరమ్మతులు జరుగుతున్న రోజులు. పొద్దున పదిన్నర బండి ఆలస్యం. కౌంటర్ ముందు అందరిదీ ఒకటే ప్రశ్న, "పదిన్నర బండి వస్తుందా?" తల వంచుకుని రిజిస్టరు రాసుకుంటూ, "వస్తుంది, మూడో ప్లాట్‌ఫారం" అని పాఠంలా అప్పజెబుతున్నాను. బండి వచ్చింది, వెళ్ళింది. తర్వాత కూడా ఒకావిడ వచ్చి అడిగింది. నా చెవికి "పదిన్నర బండి" అన్నదే వినబడింది. "వస్తుంది, మూడో ప్లాట్‌ఫారం" అన్నాను. సరేనమ్మా అని వెళ్ళిపోయింది.

రెండింటికి డ్యూటీ దిగి వెళ్తూంటే ఆవిడ మూడో ప్లాట్‌ఫారం మీద నీళ్ళ సీసా పట్టుకుని కూర్చుని ఉంది. ఎవరికోసం అని అడిగాను. ఆవిడ భర్తకి మతిమరుపు జబ్బు. తన పేరే తనకి గుర్తుండదు. ఆయన్ని బండిలో కూర్చోబెట్టి నీళ్ళకి దిగిందట, బండి కదిలిపోయింది. "వెళ్ళిపోయిన పదిన్నర బండి మళ్ళీ వెనక్కి వస్తుందా?" అని అడిగింది ఆవిడ. నేను వస్తుందన్నాను. మూడు గంటలు ఎదురుచూసింది.

లైను పొడుగునా ఫోన్లు చేయించాను. నాలుగో స్టేషన్లో టిక్కెట్ కలెక్టరు దగ్గర బిస్కెట్లు తింటూ దొరికాడు. అదృష్టం, అంతే. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "మీరు వస్తుందన్నారు కదా, అందుకే కదలకుండా కూర్చున్నానమ్మా" అంది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

రెండు వందల పద్నాలుగు మంది ఒకే మాట వాడారని ఒకే సంగతి అడిగినట్టు కాదురా. అరిచేవాడు ఎలాగోలా బండి అందుకుంటాడు. సరేనమ్మా అని వెళ్ళి కూర్చునేవాళ్ళ గురించే మనం భయపడాలి. చదివే ఓపిక లేకపోతే ఆ కుర్చీలోంచి లే, ఓపికున్నవాళ్ళు కూర్చుంటారు.

అత్త

---

ఏప్రిల్ 18

అత్తా,

ఉత్తరం అందింది.

నీ ముందు వెయ్యిమంది ఉంటే వాళ్ళ మొహాలు కనబడేవి. నాకు కనబడేవి అక్షరాలు మాత్రమే. నీకు ఒక స్టేషన్, నాకు ఆరువేల షాపులు. నెల రోజులుగా ఆదివారం అన్నది ఎరగను. బాగా చేశావురా అన్న ఒక్క మాట కోసం నీకు రాశాను. కుర్చీలోంచి లెమ్మన్నావు. మేనేజరు కూడా అంత మాట అనలేదు.

ఇరవై మూడు సాయంత్రం వస్తాను. మాటిచ్చాను కాబట్టి. పని గురించి ఇక రాయను.

ఉంటాను.

---

ఏప్రిల్ 25

నాయనా,

టీచరమ్మ ఫోనుకి నువ్వు చేసిన కబురు అందింది. షాపులకి వెళ్ళి లేబుళ్ళు అంటించే పని పడిందట, అందుకని రాలేవట. సంతోషం. లేబుళ్ళు వంకరగా అంటుకోకుండా చూసుకో.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను, వచ్చాను. టీచరమ్మ తోడు వచ్చింది. నా మాటకి నొచ్చుకున్నావని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. నొచ్చుకున్నవాడివి రానని చెప్పి ఉంటే సరిపోయేది. ఈ లేబుళ్ళ సాకు ఎందుకు? ఆవిడ ఫోను మళ్ళీ మోగినా ఎత్తవద్దని నేనే చెప్పాను.

అత్త

---

ఏప్రిల్ 26

అత్తా,

ఆపరేషన్ ఎలా జరిగింది? కన్ను ఎలా ఉంది? మొన్న, నిన్న టీచరమ్మగారికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఈ ఉత్తరం ఆవిడ చేత చదివించుకో. మొత్తం చదివించుకో, మధ్యలో చించకు.

నీ మీద కోపంతోనే చదివాను ఆ కట్ట. అబద్ధమెందుకు, నువ్వు తప్పని రుజువు చేయాలని చదివాను. "రెండు వందల పద్నాలుగూ చదివానత్తా, అన్నీ ఒకటే, చూశావా" అని నీకు రాయాలని మొదటి వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. ఇరవై రెండో తారీఖు పొద్దున ఎనిమిదింటికి ఆఫీసులో ఎవరూ రాకముందే కూర్చున్నాను. అంచు ఖాళీ, అంచు ఖాళీ, అంచు ఖాళీ. వంద దాటేసరికి నవ్వుకోవడం కూడా మొదలుపెట్టాను.

నూట ముప్ఫై ఏడోది ఒక మందుల షాపావిడది. "చెంచా ముందు ఖాళీ వస్తోంది. ఒకసారి చూడండి." అంతే రాసింది.

అంచు దగ్గర కాదు, చెంచా ముందు. పిల్లల సిరప్ సీసా మీద అర చెంచా అని రాయడానికి మా సాఫ్ట్‌వేర్ ఒక చిన్న గుర్తు వాడుతుంది, ఒకటి బై రెండు అని ఇరికించి రాసేది. నా యంత్రం మీద ఒక లేబుల్ అచ్చువేసి చూశాను. కొత్త వెర్షన్ అక్షరాల్లో ఆ గుర్తు లేదు. దాని చోట ఖాళీ వదిలేస్తోంది. "అర చెంచా, రోజుకి రెండుసార్లు" అని ఉండాల్సింది "చెంచా, రోజుకి రెండుసార్లు" అని పడుతోంది. చదివిన ఏ తల్లయినా నిండు చెంచా పోస్తుంది, అర చెంచా అని ఎలా అనుకుంటుంది?

ఆవిడ ఇంకా ఏమైనా రాసిందేమోనని వెతికాను. మొదటిదానికి నా యంత్రం జవాబు వెళ్ళింది. మూడు రోజుల తర్వాత మళ్ళీ రాసింది: "ఇది అంచు సంగతి కాదండీ." దానికీ అదే జవాబు, ఇదే ప్రశ్న మళ్ళీ పంపవద్దు అని. మూడోది ఏప్రిల్ తొమ్మిదిన, నేను కట్ట కట్టిన రోజే: "సరేనండి. నేను చేత్తో రాసి అంటిస్తున్నాను. మిగతా షాపుల వాళ్ళ సంగతి మీరే చూడాలి."

మిగతా డెబ్భై ఏడూ నిలబడే చదివాను. ఇలాంటివి మొత్తం తొమ్మిది ఉన్నాయి.

మేనేజరు లిఫ్టు దిగుతూండగానే అచ్చువేసిన లేబుల్ ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఇంటికి ఫోన్ చేసి, "బాబు దగ్గు మందు సీసా మీద ఏముందో చూడు" అని అడిగారు. వాళ్ళ సీసా పాతది, సరిగానే ఉంది. గంటలో కొత్త వెర్షన్ ఆపించారు.

ఆపితే చాలదు. అప్పటికే పద్దెనిమిది వందల షాపుల్లో అది నడుస్తోంది. గ్రూపులో హెచ్చరిక పెట్టాను. మధ్యాహ్నానికి చూసింది మూడు వందల మంది. మిగతావాళ్ళు మా మెసేజ్‌ల మోత భరించలేక ఎప్పుడో గ్రూపు చప్పుడు ఆపేసుకున్నారు. వాళ్ళ తప్పు లేదు, నేనయినా అదే చేసేవాణ్ణి.

అప్పుడు నీ బెంచీ గుర్తొచ్చింది. కబుర్ల వాళ్ళకి రాశాను: "మీరు నూట ఎనభై మంది. ఒక్కొక్కరు పది షాపులకి ఫోన్ చేయగలరా? చెంచా ముందు అర ఉందో లేదో చూడమనండి." అయిదు నిమిషాల్లో గులాబీ బొమ్మ పెట్టే పెద్దాయన వీధుల వారీగా పంచేశారు. ఎవరు ఎవరికి తెలుసో వాళ్ళకి తెలుసు కదా. మర్నాటి సాయంత్రానికి నలభై మూడు షాపులు తప్ప అన్నీ అందాయి. ఆ నలభై మూడూ ఫోను ఎత్తనివి. వాటిని నేనూ మేనేజరూ, ఇంకో ముగ్గురూ పంచుకుని స్వయంగా వెళ్ళాం. ఇరవై నాలుగు అంతా తిరుగుతూనే ఉన్నాను. నీ ఆపరేషన్ వేళకి నేను ఒక షాపు మెట్ల మీద కూర్చుని, తాళం తీసేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాను.

అలా ముప్ఫై ఒక్క సీసాలు తప్పు లేబుల్‌తో జనం ఇళ్ళకి వెళ్ళాయని తేలింది. అన్నీ వెనక్కి తెప్పించాం. ఒక్క ఇంట్లో పాప మందు తాగి మధ్యాహ్నం దాకా లేవకుండా నిద్రపోతే తల్లి భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన సీసా చూసి, ఇంత కాదు సగమే పోయండని చెప్పి పంపాడట. నేను వెళ్ళేసరికి ఆ పాప గుమ్మంలో కూర్చుని నా చెప్పులు వేసుకోవడానికి ప్రయత్నిస్తోంది. హమ్మయ్య అన్న మాటకి అర్థం అప్పుడు తెలిసింది అత్తా. ఆ తల్లి ముందే ఏడ్చేశాను. ఆవిడే నాకు మంచినీళ్ళు ఇచ్చింది.

నీ దగ్గర ఉండాల్సిన రోజు ఉండలేకపోయాను. నీకు ఎంత భయమో తెలిసి కూడా. ఏమన్నా పడతాను.

నీ మేనల్లుడు

---

ఏప్రిల్ 29

ఒరేయ్ నాన్నా,

ఏమన్నా పడతానన్నావు కాబట్టి ముందు ఇది పడు: బాగా చేశావురా. పెద్ద అక్షరాలతో రాశాను, గోడకి అంటించుకో.

నా పాత ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఎదురుపడి ఉంటాయి. నాది అందితే చదవకు. చదివేసి ఉంటే మర్చిపో. టీచరమ్మ నీ ఉత్తరం చదువుతూ చదువుతూ పాప దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తర్వాత మెల్లిగా, "అయితే ఆరోజు అబ్బాయి చెప్పింది అంటించడం కాదేమో, మార్పించడమేమో" అంది. ఆవిడకి ఎడమ చెవి సరిగ్గా వినబడదు, ఫోను ఎప్పుడూ ఆ చెవికే పెట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆపరేషన్ కాలేదు. వెళ్ళాను, వచ్చాను అని రాశాను చూడు, అంతే జరిగింది. బల్ల మీద పడుకోబెట్టే ముందు బీపీ చూసి, ఇంత ఉంటే కత్తి పెట్టలేం, రెండు వారాలు మాత్రలు వేసుకుని రండి అన్నారు. మే ఎనిమిదికి ఇచ్చారు. బీపీ ఎవరివల్ల పెరిగిందో డాక్టరు అడిగాడు, చెప్పలేదు. నిన్న చూస్తే మామూలుగా ఉంది.

ఆ షాపావిడకి నువ్వు ఫోన్ చేశావా? చేయకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆవిడకి చేయి.

ఎనిమిదిన వస్తావా? మళ్ళీ అడుగుతున్నాను.

అత్త

---

మే 2

అత్తా,

రెండు ఉత్తరాలూ ఒకే పూట అందాయి. తిట్టింది ముందు విప్పాను. రెండోది విప్పేదాకా ప్రాణం బితుకుబితుకుమంటూనే ఉంది. ఆపరేషన్ కాలేదని చదివి ఆఫీసులో ఈల వేశాను. వాయిదా పడ్డందుకు ఇంత సంతోషించిన మేనల్లుడు ఎక్కడా ఉండడు. ఏడునే వస్తున్నాను, సెలవు రాయించాను, టిక్కెట్టు కూడా తీసుకున్నాను.

షాపావిడకి ఫోన్ కాదు, ఇంటర్వ్యూకి వెళ్ళినట్టు చొక్కా ఇస్త్రీ చేసుకుని మేనేజరుతో కలిసి వెళ్ళాను. యాభై ఏళ్ళావిడ, నోట్లో నాలుక లేనట్టే మాట్లాడుతుంది. "మీ జవాబు చూసి, నేనే పొరబడ్డానేమో అనుకున్నానండీ. అయినా మనసొప్పక చేత్తో రాశాను" అంది. క్షమించమన్నాం. కుర్చీలు వేసింది. మేనేజరు అక్కడే అడిగేశారు. వారానికి మూడు రోజులు మా గ్రూపులో లేబుల్ కిటికీ దగ్గర ఆవిడే ఉంటుంది. ఏది అంచో, ఏది చెంచానో ఆవిడకి ఒక్క చూపుకి తెలుస్తుంది.

గ్రూపు మూయడం లేదు. నా కుర్చీ నాకే ఉంది. పెండింగ్ సున్నా కావాలన్న పట్టిక మేనేజరే తీయించేశారు. ఇప్పుడు కట్ట కట్టేముందు ఇద్దరం వేరువేరుగా చదువుతాం. ఇవాళ నూట తొంభై వచ్చాయి, సాయంత్రం అయిదింటికి అన్నీ చదివేసి లేచాను.

కలుద్దాం.

నీ మేనల్లుడు

---

మే 14

నాన్నా,

ఇది టీచరమ్మ చేతిరాత. వారం దాకా చదవడం, రాయడం వద్దన్నారు కాబట్టి నేను చెబుతున్నాను, ఆవిడ రాస్తోంది. (చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను బాబూ. — టీచరు)

నువ్వు బండి ఎక్కాక ఇల్లు బోసిపోయింది. కన్ను బాగుంది. మంట లేదు, నీరు కారడం లేదు. ప్రపంచం ఇంత శుభ్రంగా ఉందని, నా వంటిల్లు ఇంత మురికిగా ఉందని ఇప్పుడే తెలిసింది. గోడలు మీగడ రంగు అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ, తీరా చూస్తే తెలుపు. టీచరమ్మ చీరలన్నీ వెలిసిపోయినవే అని కూడా తెలిసింది. (ఇది రాయనన్నాను, రాయాల్సిందే అంది. ఒక్క చీర మాత్రమే వెలిసింది. — టీచరు)

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నప్పుడు నా చెయ్యి నువ్వు పట్టుకున్నావా, నీ చెయ్యి నేను పట్టుకున్నానా అన్నది తేలలేదు. వణికింది మాత్రం నీ చెయ్యే. (ఇద్దరి చేతులూ వణికాయి. నేను చూశాను. — టీచరు)

ఎడమ కంట్లోనూ శుక్లం ఉందట, వచ్చే నెల ఆపరేషన్. దానికి సెలవు పెట్టక్కర్లేదు, ఇప్పుడు భయం లేదు. నీకు తీరికుంటే రా. టీచరమ్మ కాఫీ పెట్టడానికి లేస్తోంది, ఇక్కడితో ఆపుతాను. (ఉంటాను బాబూ. లేబుళ్ళ సంగతికి క్షమించు. — టీచరు)

ఒరేయ్, ఆవిడ లోపలికి వెళ్ళింది. ఈ నాలుగు ముక్కలూ నేనే రాస్తున్నాను, డాక్టరుకి చెప్పకు. కట్టు విప్పిన రోజు పొద్దున నాకు మొదట కనబడింది నువ్వే. కుర్చీలో తల వాల్చి నిద్రపోతున్నావు. నీ చెవుల పక్కన జుట్టంతా తెల్లబడిపోయి ఉంది. ఎప్పుడు తెల్లబడిందిరా అది? మసకగా కనబడినన్నాళ్ళూ నువ్వు నాకు కాలేజీకి వెళ్ళే కుర్రాడిలానే ఉన్నావు. అందుకే అంత గట్టిగా తిట్టగలిగాను.

ఇకమీదట కొంచెం తగ్గించి తిడతాను.

అత్త